జలవిశ్లేషణ

జలవిశ్లేషణ అనగా ఒక రసాయన సమ్మేళనం నీటితో చర్య జరిపి, రెండు లేదా అంతకంటే ఎక్కువ కొత్త పదార్థాలుగా విడిపోవుట. దీనిని ఆంగ్లంలో హైడ్రాలిసిస్ అంటారు. ఈ చర్యలో నీరు కేవలం కరిగించే ద్రావణి కాదు. నీటి అణువు కూడా చీలి, దాని భాగాలు కొత్తగా ఏర్పడిన పదార్థాలలో చేరిపోతాయి. కొండరాయి నేలగా మారడం, నూనె సబ్బుగా మారడం, పొలంలో చల్లిన యూరియా అమ్మోనియాగా మారడం, తిన్న సంగటి జీర్ణం కావడం ఇవన్నీ జలవిశ్లేషణకు ఉదాహరణలే. చర్య ఒకటే అయినా దాని వలన కలిగేది మేలా, నష్టమా అనేది నీరు ఆ పదార్థాన్ని ఎక్కడ, ఎప్పుడు, ఎంత వేగంగా చేరినది అనే విషయంపై ఆధారపడి ఉంటుంది. ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలనుండి తీసుకొనబడినవి.

పదం, నిర్వచనం

గ్రీకు భాషలో 'హైడ్రో' అనగా నీరు, 'లైసిస్' అనగా విడదీయుట. తెలుగులోని 'జల', 'విశ్లేషణ' పదాలు ఇదే అర్థాన్నిస్తాయి. నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. జలవిశ్లేషణలో నీటి అణువు ఒకవైపు హైడ్రోజన్‌గాను, మరొకవైపు హైడ్రాక్సిల్ సమూహంగాను చీలుతుంది. సమ్మేళనంలో తెగిన బంధానికి ఒక కొనను హైడ్రోజన్, రెండవ కొనను హైడ్రాక్సిల్ చేరుతాయి. సాధారణ రూపంలో దీనిని ఇలా వ్రాయవచ్చును:

సమ్మేళనం (క-ఖ) + నీరు → (క-హైడ్రాక్సిల్) + (ఖ-హైడ్రోజన్)

దీనికి వ్యతిరేక దిశలో, రెండు అణువులు కలిసి నీటిని వెలువరించి పెద్ద అణువుగా ఏర్పడే చర్యను సంఘననం అంటారు. మొక్కలలో చక్కెర అణువులు కలిసి పిండిపదార్థంగా మారడం ఇటువంటిదే.

దగ్గరగా కనిపించే ఇతర మార్పులు

విద్యార్థులు జలవిశ్లేషణను మరికొన్ని మార్పులతో పొరబడే అవకాశం ఉంది. వాటి మధ్య భేదాలు ఇవి:

కరుగుట: ఉప్పు నీటిలో కరిగినప్పుడు దాని అయాన్లు విడివడతాయే కాని నీటి అణువు చీలదు. నీటిని ఇగిర్చితే మరల అదే ఉప్పు లభిస్తుంది.

జలయోజనం: నీరు విడిపోకుండా, లేదా మరేదీ విడిపోకుండా, సమ్మేళనానికి మొత్తంగా చేరుట. కాల్చిన సున్నంపై నీరు పోసినప్పుడు అది వేడెక్కి, పొంగి తడిసున్నంగా మారుతుంది. ఇక్కడ కాల్షియం ఆక్సైడ్, నీరు కలిసి కాల్షియం హైడ్రాక్సైడ్ అనే ఒకే పదార్థం ఏర్పడుతుంది కనుక దీనిని జలయోజనంగానే లెక్కిస్తారు.

విద్యుద్విశ్లేషణ: ఇందులో విడదీసేది విద్యుత్తు. నీటిలో విద్యుత్తును ప్రవహింపజేసి హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులను పొందుట జలవిశ్లేషణ కాదు. పేరులో పోలిక ఉన్నప్పటికీ అక్కడ విడిపోయేది నీరు. ఇక్కడ నీటిచే విడగొట్టబడేది మరొక సమ్మేళనం.

చరిత్ర

సబ్బు తయారీ రూపంలో జలవిశ్లేషణ ప్రాచీన కాలం నుండి మానవుల వాడుకలో ఉన్నదే. దాని వెనుకనున్న రసాయన శాస్త్రం 18వ, 19వ శతాబ్దాలలో తెలిసివచ్చింది. స్వీడన్ రసాయనవేత్త షీలే 1779లో ఆలివ్ నూనె నుండి గ్లిజరాల్‌ను వేరుచేశాడు. రష్యాలో పనిచేసిన కిర్చాఫ్ 1811లో పిండిపదార్థాన్ని సజల గంధకామ్లంతో మరిగించి చక్కెరగా మార్చాడు. ఆమ్లం ఖర్చు కాకుండానే చర్యను నడిపించడం ఈ ప్రయోగంలోని విశేషం. కొవ్వులు గ్లిజరాల్, కొవ్వు ఆమ్లాల కలయికతో ఏర్పడినవని ఫ్రాన్సుకు చెందిన షెవ్రోల్ నిరూపించి, 1823లో తన పరిశోధనలను గ్రంథంగా ప్రచురించాడు. 1850లో జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మీ, చెరకు చక్కెర ఆమ్లంలో జలవిశ్లేషణ చెందే వేగాన్ని కొలిచాడు. రసాయన చర్యల వేగాన్ని గణితపరంగా అధ్యయనం చేసిన తొలి ప్రయత్నాలలో ఇది ముఖ్యమైనది.

చర్యావేగంపై ప్రభావం చూపే అంశాలు

నీరు తగిలినంత మాత్రాన అన్ని సమ్మేళనాలు విడిపోవు. కాల్షియం కార్బైడ్ క్షణాలలో చర్య జరుపుతుంది. నూలు బట్టను ఎన్నిసార్లు ఉతికినా, అందులోని సెల్యులోజ్ మంచినీటి వలన విడిపోదు. వేగాన్ని నిర్ణయించే అంశాలలో ముఖ్యమైనవి:

ఆమ్లం: ఆమ్లం ఉత్ప్రేరకంగా పనిచేసి, బంధాన్ని నీరు సులభంగా తెంచేట్లు చేస్తుంది. బ్యాటరీలోని గంధకామ్లపు చుక్క నూలు పంచెపై పడితే, మొదట ఏమీ కాకపోయినా తరువాత అక్కడ చిల్లు పడుతుంది. సెల్యులోజ్ గొలుసులు జలవిశ్లేషణ చెంది దారం బలహీనపడుటయే దీనికి ఒక ముఖ్య కారణం. పత్తి వ్యాపారానికి, చేనేతకు పేరొందిన ప్రొద్దుటూరు వంటి ఊళ్ళలో ఇది తెలిసి ఉండవలసిన విషయం.

క్షారం: ఎస్టర్లు, ప్రోటీన్లు క్షారాల వలన త్వరగా విడిపోతాయి. పట్టు ప్రోటీనుతో ఏర్పడిన దారం. అందువలననే నూలు బట్టలు తట్టుకొనే ఘాటైన సోడాను పట్టుబట్టలకు వాడరాదని చెబుతారు.

ఎంజైములు: జీవులలో జలవిశ్లేషణను నడిపించే ఎంజైములను హైడ్రోలేజులు అంటారు. ప్రయోగశాలలో గంటల తరబడి మరిగించవలసిన చర్యను ఇవి శరీర ఉష్ణోగ్రత వద్దనే పూర్తిచేస్తాయి.

ఉష్ణోగ్రత: సాధారణంగా వేడి పెరిగినకొద్దీ చర్యావేగం పెరుగుతుంది.

లవణాల జలవిశ్లేషణ

లవణం నీటిలో కరిగినప్పుడు ఏర్పడిన అయాన్లు నీటితో చర్య జరిపి ద్రావణాన్ని ఆమ్లంగానో, క్షారంగానో మార్చవచ్చును. బలమైన ఆమ్లం, బలమైన క్షారం నుండి ఏర్పడిన సోడియం క్లోరైడ్ ద్రావణం తటస్థంగా ఉంటుంది. బలమైన క్షారం, బలహీనమైన ఆమ్లం నుండి ఏర్పడిన సోడియం కార్బొనేట్ ద్రావణం క్షారగుణం చూపుతుంది. బలహీనమైన క్షారం, బలమైన ఆమ్లం నుండి ఏర్పడిన అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం ఆమ్లగుణం చూపుతుంది.

చాకలి సోడా సోడియం కార్బొనేటే. దాని నీరు చేతికి జారుడుగా తగలడానికి కారణం ఈ చర్య:

కార్బొనేట్ అయాన్ + నీరు ⇌ బైకార్బొనేట్ అయాన్ + హైడ్రాక్సైడ్ అయాన్

రజకులు పూర్వం బట్టలు ఉతకడానికి చౌడుమట్టిని వాడినది కూడా అందులోని సోడా లవణాల క్షారగుణం కోసమే. అయితే అదే గుణం పొలంలో నష్టం కలిగిస్తుంది. సోడియం కార్బొనేట్ ఎక్కువగా ఉన్న చౌడు నేలలలో పీహెచ్ పెరిగి, మట్టి రేణువులు విడిపోయి, నీరు ఇంకక పైరు సరిగా పెరగదు. ఇటువంటి నేలలను బాగుచేయడానికి జిప్సం వేసి, నీరు కట్టి, లవణాలు బయటకు పోయేటట్లు చేస్తారు.

పటిక పనితీరు కూడా ఈ విభాగానికే చెందినది. వరద కాలంలో పెన్నా, కుందూ నదుల నీరు ఒండ్రుతో ఎర్రబారి ఉంటుంది. అందులో పటిక కలిపినప్పుడు అల్యూమినియం అయాన్లు జలవిశ్లేషణ చెంది, జిగురు వంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఏర్పడుతుంది. సన్నని మట్టి రేణువులు దానికి అంటుకొని కుండ అడుగుకు చేరుతాయి. పటిక నీటిని తేటపరుస్తుందే కాని అన్ని రోగక్రిములను చంపదు. కనుక తేటబడిన నీటిని కాచి గాని, క్లోరిన్ కలిపి గాని త్రాగాలి.

శిలలు, నేలలు

శిలలలోని సిలికేటు ఖనిజాలు నీటి వలన మట్టిగా మారుట ప్రకృతిలో అతి పెద్ద ఎత్తున జరిగే జలవిశ్లేషణ. వాననీరు గాలిలోని, నేలలోని కార్బన్ డయాక్సైడును కరిగించుకొని బలహీనమైన కార్బానికామ్లంగా మారుతుంది. ఆ నీరు ఫెల్డ్‌స్పార్ ఖనిజంపై చర్య జరుపుతుంది:

పొటాషియం ఫెల్డ్‌స్పార్ + నీరు + కార్బానికామ్లం → కెయోలినైట్ అనే బంకమన్ను + కరిగిన సిలికా + పొటాషియం, బైకార్బొనేట్ అయాన్లు

విడుదలైన పొటాషియం వంటి పోషకాలను మొక్కలు గ్రహిస్తాయి. అంటే పంట భూమి సారంలో కొంత భాగం జలవిశ్లేషణ ఫలమే.

కడప జిల్లా శిలలు భూగర్భ శాస్త్రంలో ప్రసిద్ధమైనవి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో ఈ ప్రాంతపు శిలలను వర్ణిస్తూ, ఒక శిలాసముదాయానికి జమ్మలమడుగు పేరును వాడాడు. పులివెందుల క్వార్ట్‌జైట్, గండికోట క్వార్ట్‌జైట్ అనే పేర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి. ఒకే వాన, ఒకే ఎండ తగిలినా అన్ని రాళ్ళూ ఒకే విధంగా మారలేదు. క్వార్ట్‌జైట్‌లో ఉండేది ముఖ్యంగా క్వార్ట్జ్. అది సాధారణ పరిస్థితులలో నీటికి దాదాపు లొంగదు. గండికోట వద్ద పెన్నా లోయకు ఇరువైపులా నిటారైన కొండచరియలు నిలిచి ఉండటానికి ఈ శిల గట్టిదనం ఒక కారణం. అక్కడ లోయను తొలిచినది ప్రధానంగా నీటి ఒరిపిడే కాని జలవిశ్లేషణ కాదు.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాలలో నల్లరేగడి నేలలు విస్తారంగా కలవు. వీటిలో మాంట్‌మోరిల్లొనైట్ వర్గపు బంకమన్ను ఎక్కువ. సిలికేటు ఖనిజాలు జలవిశ్లేషణ చెందినప్పుడు విడుదలైన కాల్షియం, మెగ్నీషియం వంటివి వర్షాలకు పూర్తిగా కొట్టుకొనిపోని ప్రదేశాలలో ఇటువంటి బంకమన్ను ఏర్పడుతుంది. ఇవి కొట్టుకొనిపోయే అధిక వర్షపాత ప్రాంతాలలో కెయోలినైట్ ఏర్పడుతుంది. కడప జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లు మాత్రమే. రేగడి తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు నెర్రెలు విచ్చుతుంది. తేమను చాలాకాలం పట్టి ఉంచే గుణం వలన వర్షాలు ఆగిన తరువాత కూడా ఈ నేలలలో శనగ పండుతుంది. అదే గుణం వలన ఈ నేలలపై కట్టిన ఇళ్ళ పునాదులు తగిన జాగ్రత్త తీసుకొననిచో గోడలు బీటలు వారుతాయి.

సున్నపురాయి కరిగి గుహలు ఏర్పడటం సిలికేటుల జలవిశ్లేషణ వంటిది కాదు. జమ్మలమడుగుకు ఉత్తరాన, నంద్యాల జిల్లాలో ఉన్న బెలుం గుహలు కార్బానికామ్లం కలిగిన నీరు సున్నపురాయిని కరిగించుట వలన ఏర్పడినవి. అక్కడ రాయి చాలావరకు ద్రావణంగా వెళ్ళిపోతుంది, బంకమన్నుగా మారదు.

సిమెంటు గట్టిపడుట

ఎర్రగుంట్ల, చిలంకూరు పరిసరాలలోను, జమ్మలమడుగు ప్రాంతంలోను సున్నపురాయి నిక్షేపాల ఆధారంగా సిమెంటు కర్మాగారాలు కలవు. సిమెంటులోని ప్రధాన ఖనిజం ట్రైకాల్షియం సిలికేట్. నీరు కలిసినప్పుడు:

ట్రైకాల్షియం సిలికేట్ + నీరు → కాల్షియం సిలికేట్ హైడ్రేట్ + కాల్షియం హైడ్రాక్సైడ్

పరిశ్రమలో ఈ చర్యను జలయోజనం అనే పిలుస్తారు. అయితే ఒక ఖనిజం నీటి వలన రెండు పదార్థాలుగా మారుతున్నందున ఇందులో జలవిశ్లేషణ కూడా ఇమిడి ఉంది. సిమెంటు 'ఆరి' గట్టిపడుతుందనే భావన సరియైనది కాదు. అది నీటితో చర్య జరిపి గట్టిపడుతుంది. నీరు ముందుగానే ఆవిరైపోతే చర్య మధ్యలో ఆగి కాంక్రీటు బలహీనంగా మిగులుతుంది. భారత ప్రమాణం ఐ.ఎస్. 456:2000 ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు, వేడిగా పొడిగా ఉండే వాతావరణంలో కనీసం 10 రోజులు తడిగా ఉంచాలి. రాయలసీమ వేసవిలో ఇల్లు కట్టుకొనేవారు పాటించవలసినది ఈ రెండవ నియమమే. ఇదే చర్య వాడకానికి ముందు బస్తాలో జరిగితే నష్టం. చెమ్మ తగిలిన సిమెంటు గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది. కనుక బస్తాలను నేలపై కాక చెక్కలపై, గోడకు దూరంగా పేరుస్తారు.

నూనెలు, సబ్బు

వేరుశనగ పంటకు, నూనె మిల్లులకు ప్రొద్దుటూరు ప్రాంతంలో చాలాకాలంగా ప్రాధాన్యం ఉంది. నూనె అణువు గ్లిజరాల్‌తో మూడు కొవ్వు ఆమ్లాలు కలిసి ఏర్పడిన ఎస్టర్. క్షారం సమక్షంలో ఇది సంపూర్ణంగా జలవిశ్లేషణ చెందుతుంది:

నూనె + సోడియం హైడ్రాక్సైడ్ → గ్లిజరాల్ + సబ్బు

దీనిని సపోనిఫికేషన్ అంటారు. ఒక గ్రాము నూనెను పూర్తిగా సబ్బుగా మార్చుటకు కావలసిన పొటాషియం హైడ్రాక్సైడ్ మిల్లీగ్రాములను ఆ నూనె సపోనిఫికేషన్ విలువ అంటారు. వేరుశనగ నూనెకు ఇది 188-196 మధ్య ఉంటుంది. కల్తీని గుర్తించుటకు చేసే పరీక్షలలో ఇది ఒకటి.

సబ్బు తయారీకి మేలు చేసే చర్యే నిల్వలో నష్టం కలిగిస్తుంది. తేమ కలిగిన కాయలలో, ముఖ్యంగా పగిలిన, బూజు పట్టిన గింజలలో, లైపేజు అనే ఎంజైము నూనెను కొద్దికొద్దిగా విడగొడుతుంది. అప్పుడు వెలువడిన స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాల మొత్తాన్ని ఆమ్ల విలువతో కొలుస్తారు. ఆమ్ల విలువ 6 అనగా స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు సుమారు 3 శాతం ఉన్నట్లు. నూనెను శుద్ధి చేసేటప్పుడు ఈ ఆమ్లాలను క్షారంతో తొలగించాలి. ఆ క్రమంలో కొంత నూనె కూడా పోతుంది. కాబట్టి కాయను సరిగా ఆరబెట్టని నష్టం రైతుకు ధరలోను, మిల్లుకు దిగుబడిలోను కనిపిస్తుంది. కాయల తేమ సుమారు 8 శాతానికి తగ్గేవరకు ఆరబెట్టాలి. కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనుట రైతులు చూసే గుర్తు. తడి కాయలలో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టించే బూజు పెరిగే ప్రమాదం కూడా ఉంది. అయితే అది వేరే విషయం. జలవిశ్లేషణ వలన పుట్టేది కాదు.

వంటింట్లో బజ్జీలు, వడలు వేయించేటప్పుడు పిండిలోని నీరు కాగిన నూనెను జలవిశ్లేషణ చేస్తుంది. అందువలన మరల మరల కాచిన నూనె త్వరగా పొగలు వస్తుంది. దీనితోపాటు గాలి వలన ఆక్సీకరణం కూడా జరుగుతుంది. వాడిన నూనెలో మొత్తం ధ్రువ పదార్థాలు 25 శాతం మించరాదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ విధించిన నియమం 2018 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది.

పొలంలో యూరియా

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. 45 కిలోల బస్తాలో నత్రజని సుమారు 20.7 కిలోలు. నేలలోని సూక్ష్మజీవులు, మొక్కల అవశేషాల నుండి వచ్చే యూరియేజు అనే ఎంజైము దీనిని కొద్ది రోజులలోనే విడగొడుతుంది:

యూరియా + నీరు → అమ్మోనియా + కార్బన్ డయాక్సైడ్

యూరియేజును 1926లో అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ సమ్నర్ స్ఫటిక రూపంలో వేరుచేశాడు. స్ఫటికీకరించబడిన మొదటి ఎంజైము ఇదే. ఈ కృషికి ఆయన 1946లో నోబెల్ బహుమతిని పంచుకున్నాడు.

ఈ చర్య మట్టి లోపల జరిగితే అమ్మోనియా అమ్మోనియం అయాన్‌గా మారి, బంకమన్నుకు అంటుకొని పైరుకు అందుతుంది. మట్టి పైన జరిగితే అమ్మోనియా వాయువుగా గాలిలో కలుస్తుంది. పీహెచ్ ఎక్కువగా ఉన్న సున్నపు రేగడి నేలలలో, ఎండ కాలంలో ఈ నష్టం ఎక్కువ. అందువలన చెమ్మగా ఉన్న నేలపై యూరియా చల్లి వదిలివేయుట మంచిది కాదు. చల్లిన వెంటనే మట్టిలో కలియబెట్టాలి లేదా తగినంత నీరు పెట్టి లోపలికి దింపాలి. అరటి, చీనీ తోటలలో బిందు సేద్యం ద్వారా కొద్దికొద్దిగా అందించుట మరొక పద్ధతి.

2015 నుండి దేశంలో తయారయ్యే యూరియా మొత్తానికి వేపపూత తప్పనిసరి చేయబడింది. వేపపూత ముఖ్యంగా అమ్మోనియం నైట్రేటుగా మారే తరువాతి దశను నెమ్మదింపజేస్తుంది. కనుక వేపపూత ఉన్న యూరియాను కూడా మట్టితో కప్పవలసిన అవసరం తొలగిపోదు.

కాల్షియం కార్బైడ్, పండ్ల మాగవేత

జర్మన్ శాస్త్రవేత్త వోలర్ 1862లో కాల్షియం కార్బైడును తయారుచేసి, నీటితో అది ఎసిటిలీన్ వాయువునిస్తుందని కనుగొన్నాడు:

కాల్షియం కార్బైడ్ + నీరు → ఎసిటిలీన్ + కాల్షియం హైడ్రాక్సైడ్

ఈ వాయువు ప్రకాశవంతంగా మండుతుంది. గనులలో, సైకిళ్ళకు పూర్వం వాడిన కార్బైడు దీపాలు దీనితోనే వెలిగేవి. వెల్డింగు పనికి నేటికీ ఎసిటిలీన్ వాడుకలో ఉంది.

పులివెందుల ప్రాంతం అరటి తోటలకు పేరుపొందింది. అరటి, మామిడి కాయలు సహజంగా ఎథిలీన్ అనే వాయువు ప్రభావంతో పండుతాయి. ఎసిటిలీన్ కొంతవరకు ఎథిలీన్ వలె పనిచేస్తుంది కనుక కొందరు వ్యాపారులు కాయల మధ్య కార్బైడు పొట్లాలను ఉంచుతారు. కాయల నుండి వచ్చే చెమ్మే జలవిశ్లేషణకు చాలును. కాయ తోలు పసుపు రంగుకు మారినా లోపల సరిగా పండకపోవచ్చును. అసలు ప్రమాదం కార్బైడులోని మలినాలతో వస్తుంది. ఫాస్ఫైడులు, ఆర్సెనిక్ సమ్మేళనాలు కూడా నీటితో చర్య జరిపి ఫాస్ఫీన్, ఆర్సీన్ అనే విషవాయువులను ఇస్తాయి. ఎసిటిలీన్‌కు మండే స్వభావం ఉన్నందున గోదాములలో అగ్నిప్రమాదం కూడా పొంచి ఉంటుంది.

కార్బైడుతో మాగవేసిన పండ్ల అమ్మకాన్ని 2011 ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. దీనికి బదులుగా మూసిన గదులలో, పది లక్షల పాళ్ళ గాలికి 100 పాళ్ళు మించకుండా ఎథిలీన్ వాయువును వాడవచ్చును. ఎథిఫాన్ అనే రసాయనం నుండి ఎథిలీన్ వాయువును పొందవచ్చును కాని, పండ్లను నేరుగా దాని ద్రావణంలో ముంచుటకు అనుమతి లేదు.

జీవక్రియలలో జలవిశ్లేషణ

జీర్ణక్రియ ప్రధానంగా వరుసగా జరిగే జలవిశ్లేషణ చర్యల సముదాయం. రాగి సంగటి ముద్దను నోటిలో కొంతసేపు నమిలితే తీపి తెలుస్తుంది. లాలాజలంలోని అమైలేజు పిండిపదార్థాన్ని మాల్టోజ్ వంటి చక్కెరలుగా విడగొట్టుటయే దీనికి కారణం. చిన్నప్రేగులో ఇవి గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతాయి. ప్రోటీన్లు అమైనో ఆమ్లాలుగాను, కొవ్వులు ప్రధానంగా కొవ్వు ఆమ్లాలు, మోనోగ్లిజరైడులుగాను విడిపోతాయి.

కణాలకు శక్తినిచ్చే అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్ కూడా జలవిశ్లేషణ ద్వారానే శక్తిని విడుదల చేస్తుంది. ప్రామాణిక పరిస్థితులలో ఇది మోల్‌కు సుమారు 30.5 కిలోజౌళ్ళు. భీమవరంలో 1895లో జన్మించిన తెలుగు శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నాడు. 1929లో వీరిరువురు అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను కండరాల నుండి వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దీనిని కనుగొన్నాడు.

ప్రమాదాలు, జాగ్రత్తలు

జలవిశ్లేషణలో కొన్నిసార్లు తీవ్రమైన వేడి, వాయువులు వెలువడతాయి. 1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో, సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ ఉన్న తొట్టిలోకి నీరు చేరింది. చర్యలో పుట్టిన వేడికి, పీడనానికి విషవాయువు వెలువడి వేలాది మంది మరణించారు. నీరు నిరపాయకరమైన పదార్థమని భావించి రసాయనాల వద్ద అజాగ్రత్త వహించరాదని ఈ దుర్ఘటన తెలుపుతున్నది.

కార్బైడు, అల్యూమినియం ఫాస్ఫైడ్ వంటి వాటిని పొడిగా, గాలి చొరని డబ్బాలలో, పిల్లలకు అందకుండా ఉంచాలి. ధాన్యపు పురుగుల మందుగా వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు గాలిలోని తేమతోనే ఫాస్ఫీన్‌ను విడుదల చేస్తాయి. కనుక వాటిని నివాస గృహాలలో వాడరాదు. కార్బైడు నిల్వ ఉన్నచోట నిప్పు అంటుకుంటే నీరు చల్లరాదు. పొడి ఇసుకను గాని, పొడి రసాయన అగ్నిమాపకాన్ని గాని వాడాలి.

ఇవి కూడా చూడండి

విద్యుద్విశ్లేషణ
సపోనిఫికేషన్
వేరుశనగ నూనె
నల్లరేగడి నేల
గండికోట
ఎల్లాప్రగడ సుబ్బారావు